పంటి వైద్యం వికటిస్తే డాక్టరు మీద కేసు వేయాలా వద్దా: తేల్చుకునే దారి

నా కింది దవడలో కుడివైపు పెద్ద దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నొక్కితే చీము. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీసి తెర మీద పెట్టారు. వేరు చివర్లో తెల్లగా మెరుస్తూ సన్నటి గీత ఒకటి, సూది ముక్క విరిగి దిగబడినట్టు కనిపించింది. "ఫైలు విరిగి లోపలే ఉండిపోయింది. అప్పుడు మీకు చెప్పారా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. ఫైలంటే పంటి వేరులోని సన్నటి కాలువను గీకి శుభ్రం చేసే సూదిలాంటి పనిముట్టు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోర్టుకి లాగాల్సిందే అన్న ఒక్క ఆలోచనే తిరిగింది.

ఆ తర్వాతి నెలల్లో నేను తెలుసుకున్నవి, ఇలాంటి బాధే పడ్డ మరికొందరి కాగితాలు సర్దిపెడుతూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. పంటి కేసులో సాక్ష్యం సగం కాగితాల్లో ఉంటుంది, సగం మీ నోట్లో ఉంటుంది. తర్వాతి డాక్టరు డ్రిల్లు పెట్టిన నిమిషాన ఆ నోట్లోని సగం పొడై నీళ్లతో పాటు పోతుంది. కేసు వేయాలో వద్దో తేల్చుకోవడానికి నెలలు పట్టినా ఫర్వాలేదు. సాక్ష్యం దాచుకోవడానికి మాత్రం రోజులే ఉంటాయి. అందుకే ఈ మెట్లు ఈ వరసలో ఉన్నాయి. చట్టం దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి చివరి మాట మీరున్న చోటి లాయరుదే.

మొదటి మెట్టు: ముందు మనిషి, తర్వాతే కేసు

వాపు మెడలోకి దిగుతున్నా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతున్నా, జ్వరంతో నోరు తెరుచుకోకపోయినా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. ఇది ప్రాణం మీదికొచ్చే ఇన్‌ఫెక్షను కావచ్చు.

ఆగకూడని మరో సందర్భం తిమ్మిరి. ఇంప్లాంట్, అంటే పోయిన పన్ను చోట దవడ ఎముకలోకి దించే స్క్రూ, పెట్టించుకున్న రోజు మత్తు దిగాల్సిన వేళ దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే అదే రోజు ఫోన్ చేయండి. ఇంప్లాంట్ నరాన్ని నొక్కుతుంటే మొదటి ఒకటి రెండు రోజుల్లో దాన్ని తీసేస్తేనే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. జ్ఞానదంతం తీయించుకున్నాక వచ్చే తిమ్మిరి చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. మూడు నెలలైనా మార్పు లేకపోతే నోటి సర్జన్‌కి చూపించాలి. నరాన్ని అతికే ఆపరేషన్ ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

తిమ్మిరికి ఇంట్లోనే ఒక రికార్డు తయారు చేసుకోవచ్చు. దూదిని సన్నగా పురి తిప్పి, కళ్లు మూసుకుని, ఇంట్లోవాళ్లని పెదవి కింద నుంచి గడ్డం దాకా మెల్లగా తాకించమనండి. స్పర్శ తెలియడం ఎక్కడ ఆగిందో అక్కడ పెన్నుతో చుక్క పెట్టించుకోండి. చుక్కలన్నీ కలిపితే ఒక హద్దు వస్తుంది. దాన్ని ఫొటో తీసి తేదీ వేయండి. వారానికోసారి ఇలా చేస్తే ఆ హద్దు కుంచించుకుపోతోందా, అలాగే ఉందా అన్నది సర్జన్‌కీ, రేపు అవసరమైతే లాయరుకీ మాటల అవసరం లేకుండా తెలుస్తుంది.

రెండో మెట్టు: నోటిని ఉన్నదున్నట్టు నమోదు చేయించడం

చెడిన పనిని సరిచేయించే ముందు, మళ్లీ చెప్తున్నాను, ముందే, కొత్త డాక్టరుతో ఎక్స్‌రేలు, నోటిలోపలి ఫొటోలు తీయించండి. తాను చూసింది రాసివ్వమని అడగండి. "క్యాప్ అంచుకీ పంటికీ మధ్య సందు ఉంది", "వేరులో నింపిన మందు చివరిదాకా చేరలేదు" లాంటి వాక్యాలు చాలు. ముందటి డాక్టరు తప్పు చేశాడని ఆయన చేత రాయించుకోవాలని చూడకండి. అలా ఇరకాటంలో పెడితే చాలామంది అసలేమీ రాయరు.

తీసిన క్యాప్, విరిగిన ముక్క, ఊడిన ఇంప్లాంట్, పీకిన పన్ను అడిగి తీసుకుని డబ్బాలో వేసి తేదీ రాసి పెట్టుకోండి. ఇంప్లాంట్ పెట్టినప్పుడు కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఒకటి వస్తుంది. అది మీ కాగితాల్లో లేకపోతే అడగండి. బిల్లులు, మెసేజీలు, అపాయింట్‌మెంట్ రిమైండర్లు అన్నీ ఒకే చోట పెట్టండి.

అలాగని సాక్ష్యం కోసం నెప్పి భరిస్తూ కూర్చోవద్దు. నష్టం ముదరకుండా చూసుకోవడం మీ వంతు పని అని దాదాపు అన్ని చోట్లా చట్టం అంటుంది. చీము పట్టిన పంటిని ఏడాది వదిలేసి, అది పోయాక మొత్తం పరిహారం అడిగితే, కొంత నష్టం మీ ఆలస్యం వల్లేనని అందులో కోత పడుతుంది. నమోదు చేయించండి, వెంటనే వైద్యం మొదలుపెట్టండి.

ఇక సోషల్ మీడియాలో డాక్టరు పేరు పెట్టి రాయడం. కోపం ఎంత న్యాయమైనదైనా ఈ దశలో వద్దు. నిరూపించలేని ఒక్క వాక్యం మీ మీదే పరువునష్టం కేసుగా తిరిగి రావచ్చు.

మూడో మెట్టు: రికార్డులు తెప్పించి చదవడం

ఉత్తరం పొట్టిగా, మర్యాదగా రాయండి. అందులో కేసు మాట ఎత్తకండి. చికిత్స నోట్సు, చికిత్స ప్లాను, సంతకం చేసిన సమ్మతి పత్రాలు, అన్ని ఎక్స్‌రేలు, బిల్లులు, ల్యాబుకి పంపిన చీటీలు అడగండి. సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) ఉంటే ప్రింటు కాకుండా అసలు డిజిటల్ ఫైలు మొత్తం కావాలని రాయండి. ప్రింటులో వాళ్లు ఎంచుకున్న ఒకటి రెండు ముక్కలే కనిపిస్తాయి, ఫైలు ఉంటే దవడను ఏ కోణంలోనైనా తిప్పి చూడొచ్చు. అమెరికాలో ఇలా అడిగిన రికార్డులు ఇవ్వడానికి మామూలుగా 30 రోజులు, యూరప్‌లో, బ్రిటన్‌లో ఒక నెల గడువు ఉంది.

వచ్చాక మొదట చూడాల్సింది పంటి నంబరు. ప్రపంచంలో ఎక్కువచోట్ల ప్రపంచ దంతవైద్య సమాఖ్య పేరు మీదున్న ఎఫ్‌డీఐ పద్ధతి వాడతారు. మొదటి అంకె నోటిలో ఏ భాగమో చెప్తుంది: 1 అంటే పైన కుడి, 2 పైన ఎడమ, 3 కింద ఎడమ, 4 కింద కుడి. రెండో అంకె ముందు పళ్ల మధ్య నుంచి లెక్క. నా పన్ను 46. అమెరికాలో 1 నుంచి 32 దాకా వరసగా లెక్కపెడతారు, అక్కడ ఇదే పన్ను 30. ఈ తేడా చిన్నదేం కాదు. ఎఫ్‌డీఐలో 18 అంటే పైన కుడివైపు జ్ఞానదంతం. అమెరికా లెక్కలో 18 అంటే కింద ఎడమవైపు రెండో దవడ పన్ను. ఒకరు రాసిన చీటీని మరొకరు వేరే పద్ధతిలో చదివితే మంచి పన్ను ఊడొస్తుంది.

తర్వాత తేదీలు. సమ్మతి పత్రం మీద మీ సంతకం కుర్చీలో పడుకున్నాక తీసుకున్నదా? ప్రమాదాల గురించి మాట్లాడినట్టు నోట్సులో ఉందా? నా విషయంలో నోట్సులో "రూట్ కెనాల్ పూర్తయింది, ఇబ్బందులు లేవు" అని ఉంది. అదే రోజు, అదే క్లినిక్‌లో, పని ముగిశాక తీసిన ఎక్స్‌రేలో ఆ తెల్ల గీత స్పష్టంగా ఉంది. ఆ రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నా కేసులో బలం ఎక్కడుందో నాకు అప్పుడే అర్థమైంది.

నాలుగో మెట్టు: చెడు ఫలితమా, నిర్లక్ష్యమా?

చాలామంది తడబడేది ఇక్కడే. నెప్పి నిజమే, ఖర్చు నిజమే. అంతమాత్రాన తప్పు జరిగినట్టు కాదు. జాగ్రత్తపరుడైన డాక్టరు చేతిలో కూడా జరిగేవి కొన్ని ఉన్నాయి.

రూట్ కెనాల్‌లో ఫైలు విరగడం అలాంటిదే. వంకర తిరిగిన సన్నటి వేరులో మంచి చేతుల్లో కూడా విరుగుతుంది. విరిగిందని చెప్పకపోవడం, నోట్సులో రాయకపోవడం, తీయగలిగే స్పెషలిస్టు దగ్గరికి పంపకపోవడం మాత్రం వేరే సంగతి. పై దవడ పన్నులో దాక్కున్న అదనపు కాలువ దొరకకపోవడం ఒక్కోసారి క్షమించదగ్గదే. రబ్బర్ డ్యామ్ కట్టకుండా పని చేసి, చేతి నుంచి జారిన ఫైలు రోగి గొంతులోకి పోతే దాన్ని సమర్థించుకోవడం చాలా కష్టం. పని చేసే పంటిని మిగతా నోటి నుంచి విడిగా ఉంచే ఆ పలుచని రబ్బరు షీటు ఉన్నది ఫైళ్లూ, కడిగే మందులూ గొంతులోకి పోకుండా ఆపడానికి కూడా.

పన్ను పీకాక రెండు నుంచి నాలుగు రోజుల్లో గుంటలో భరించలేని పోటు మొదలైతే అది డ్రై సాకెట్ అయ్యుండొచ్చు. రక్తపు గడ్డ కరిగిపోయి ఎముక బయటపడడం వల్ల వస్తుంది. అది తెలిసిన ఇబ్బంది, దాని ఒక్కదాని మీద కేసు నిలబడదు. జ్ఞానదంతం దగ్గర నరం దెబ్బ తినడం కూడా తెలిసిన ప్రమాదమే. కాకపోతే మామూలు ఎక్స్‌రేలోనే వేరు నరం కాలువను ఆనుకున్నట్టు కనిపిస్తుంటే, ఆ మాట చెప్పారా, మరింత స్పష్టమైన స్కాన్ ఆలోచించారా, తీయడం అసలు అవసరమేనా అన్నవి ప్రశ్నలవుతాయి.

ఇంప్లాంట్ ఎముకతో కలవకపోవడం దురదృష్టం కావచ్చు. ముందు సరైన స్కాన్ లేకుండా నరం కాలువలోకే దించేయడం దురదృష్టం కాదు. మంచి పన్ను పీకేయడం గురించి వాదనే అక్కర్లేదు, చాలా కోర్టులు దాన్ని చూడగానే అర్థమయ్యే తప్పుగానే తీసుకుంటాయి. అందం కోసం ఆరోగ్యమైన ముందు పళ్లను బాగా అరగదీసి వెనీర్లు (పంటి ముందువైపు అతికించే పలుచని తొడుగులు) వేసిన కేసుల్లో అసలు ప్రశ్న, పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ మళ్లీ పుట్టదనీ, ఆ పళ్లకు జీవితాంతం ఏదో ఒక తొడుగు కావాలనీ ముందే చెప్పారా అన్నది.

చేయాల్సింది చేయకపోవడం కూడా తప్పే. ఏళ్ల తరబడి చెకప్‌కి వెళ్తున్నా చిగుళ్ల కింద ఎముక కరిగిపోతున్న సంగతి కొలవకపోతే, రెండు మూడు వారాలైనా మానని నోటి పుండును ముక్క పరీక్షకి పంపకుండా పూత మందు రాసి పంపేస్తే అవి చాలా గట్టి కేసులు. నెప్పి పెద్దగా లేదు కదా అని ఇలాంటివాళ్లే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఐదో మెట్టు: నాలుగు ప్రశ్నలు కాగితం మీద

ఆ డాక్టరు మీ బాధ్యత తీసుకున్నారా? మామూలు ప్రమాణానికి దిగువన పని చేశారా? మీకు నష్టం జరిగిందా? ఆ నష్టం ఆ తప్పు వల్లే జరిగిందా? నాలుగింటికీ అవును రావాలి.

ప్రమాణం సంగతిలో ఇంగ్లండ్‌లో 1957 నాటి బోలమ్ కేసు నుంచి ఒక కొలత నడుస్తోంది. అదే వృత్తిలో ఉన్న బాధ్యతగల వాళ్లు కొందరు సరే అనే పద్ధతిలో చేస్తే అది నిర్లక్ష్యం కాదు. 1997లో బొలిథో తీర్పు ఆ అభిప్రాయం తర్కానికి నిలబడాలని చేర్చింది. భారత సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో బోలమ్ కొలతనే ఒప్పుకుంది, క్రిమినల్ కేసుకైతే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలంది. డాక్టరుని జైలుకి పంపాలని అడిగేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. సమ్మతి విషయంలో దారి వేరు. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ తీర్పులో, ఆ స్థానంలో ఉన్న మనిషి తెలుసుకోవాలనుకునే ప్రమాదాన్ని చెప్పి తీరాలంది. మీ కేసు చేతిపని మీదా, చెప్పకపోవడం మీదా అన్నది విడదీసుకోండి. ఒకదానికి ఎక్స్‌రేలు మాట్లాడతాయి, రెండోదానికి నోట్సు.

నాలుగో ప్రశ్నే కేసుల్ని ముంచేది. పన్ను ముందే సగం పుచ్చిపోయి ఉందనుకోండి. డాక్టరు పని బాగా చేసినా ఆ పన్ను రెండేళ్లలో పోయేదే అని అవతలి నిపుణుడు చెప్తే, తప్పు రుజువైనా పరిహారం చాలా తగ్గిపోతుంది. నా పన్ను మీద నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే: ఆ ముక్క లేకపోతే ఇన్‌ఫెక్షను వచ్చేదా? స్పెషలిస్టు చెప్పింది ఏమిటంటే, ముక్క దానంతటది ఇన్‌ఫెక్షను తేదు, దాని కింద శుభ్రం కాని కాలువ తెస్తుంది. అప్పుడే చెప్పి పంపి ఉంటే తీసే ప్రయత్నం సులువయ్యేదన్నారు. ఆ మాట నా కేసును చిన్నది చేసింది, గట్టిదీ చేసింది.

ఆరో మెట్టు: నిపుణుడి అభిప్రాయం

మీకు వైద్యం చేస్తున్న రెండో డాక్టరు వేరు, కోర్టు కోసం అభిప్రాయం ఇచ్చే నిపుణుడు వేరు. ఈ నిపుణుడు మీకు సంబంధం లేనివాడై ఉండాలి, అదే విభాగం వాడై ఉండాలి. రూట్ కెనాల్‌కి ఎండోడాంటిస్టు, చిగుళ్లకి పెరియోడాంటిస్టు, జ్ఞానదంతానికి నోటి సర్జన్. జనరల్ డెంటిస్టు చేసిన పనిని స్పెషలిస్టు స్థాయితో కొలవకూడదు. కానీ తనకు మించిన పని అని తెలిసీ పంపకుండా చేసుంటే అది తప్పు కింద లెక్కకొస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నిపుణుడి ధ్రువీకరణ జత చేయనిదే కేసే స్వీకరించరు. ఈ అభిప్రాయం వ్యతిరేకంగా వస్తే బాధ కలుగుతుంది. అయినా అది కేసు మధ్యలో రావడం కన్నా ఇప్పుడు రావడం నయం.

ఏడో మెట్టు: గడువు

భారత్‌లో వినియోగదారుల చట్టం కింద రెండేళ్లు. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఆ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఇంగ్లండ్‌లో మూడేళ్లు, అది తప్పు జరిగిన రోజు నుంచి గానీ, మీకు తెలిసిన లేదా తెలియాల్సిన రోజు నుంచి గానీ. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. పిల్లల విషయంలో చాలాచోట్ల మినహాయింపులున్నాయి. "మాట్లాడుకుందాం, సర్దుబాటు చేద్దాం" అని క్లినిక్ సాగదీస్తున్నంత మాత్రాన గడియారం ఆగదు. కాగితం తీసి, మీకు తెలిసిన రోజు ఏదో ఇవాళే రాసి పెట్టుకోండి.

ఎనిమిదో మెట్టు: లెక్క

ఒక పక్క రాయండి: మళ్లీ చేయించడానికి అయ్యే ఖర్చు, జీవితకాలంలో ఆ పన్నుకి మళ్లీ మళ్లీ పెట్టాల్సింది, పోయిన జీతం, నెప్పీ బాధా. క్యాప్‌లూ, పోయిన పన్ను చోట పక్క పళ్లకి ఆనించి కట్టే బ్రిడ్జిలూ శాశ్వతం కావు, వాటిని మార్చే ఖర్చు మరిచిపోవద్దు. ఇంకో పక్క: లాయరు, నిపుణుడు, కోర్టు ఫీజు, ఓడితే అవతలివాళ్ల ఖర్చులు మీ మీద పడే నియమం మీ చోట ఉందో లేదో, ఏళ్ల తరబడి పోయే సమయం. ఒక్క పంటి కేసు చాలాసార్లు ఈ లెక్కలోనే ఓడిపోతుంది. నరం శాశ్వతంగా పోయిన కేసు, అనేక పళ్లు పోయిన కేసు, క్యాన్సర్‌ని గుర్తించడం ఆలస్యమైన కేసు నిలబడతాయి. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు, చిన్న నష్టమైనా నష్టమే. కానీ గెలిచి అప్పులపాలైనవాళ్లని చూశాక ఈ లెక్క వేయకుండా ఎవరినీ ముందుకి వెళ్లమనలేను.

తొమ్మిదో మెట్టు: కోర్టుకి ముందున్న తలుపులు

మొదటిది డాక్టరే. రాతపూర్వకంగా ఏం జరిగిందో, ఏం కావాలో అడగండి. డబ్బు వాపసా, మరోచోట చేయించుకునే ఖర్చా, వివరణా? చాలామంది డాక్టర్లకు వృత్తి బీమా ఉంటుంది, ఉత్తరం అక్కడికి వెళ్తుంది. ఆయన క్షమాపణ చెప్తే తప్పు ఒప్పుకున్నారని సంబరపడకండి. ఇంగ్లండ్‌లో 2006 చట్టం క్షమాపణ దానంతటది నిర్లక్ష్యం ఒప్పుకోలు కాదని రాసిపెట్టింది, మరికొన్ని చోట్లా ఇదే తీరు.

డెంటల్ కౌన్సిల్ లాంటి సంస్థకి ఫిర్యాదు చేయడం రెండో తలుపు. అక్కడ లైసెన్సు మీద చర్య ఉంటుంది. మామూలుగా మీ చేతికి పరిహారం రాదు. మరో రోగికి ఇలా జరగకూడదన్నదే మీ కోరికైతే సరైన చోటు అదే. మధ్యవర్తిత్వం మూడోది. ఇద్దరూ ఒక గదిలో కూర్చోడానికి ఒప్పుకుంటే నెలల్లో తేలుతుంది.

ఇవేవీ కదలకపోతే లాయరు. పంటి కేసులు, కనీసం వైద్య కేసులు చేసినవాళ్లని వెతకండి. ఒక పేజీలో తేదీల వరస, దాని వెనక రికార్డులు పెట్టుకుని వెళ్లండి. గెలిచే అవకాశం ఎంత అని అడగడం కన్నా, ఈ కేసులో అవతలి లాయరు మొదట ఏం అంటాడు అని అడగండి. ఆ జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర ఆగొద్దు.

పదో మెట్టు: రాజీ కాగితం

నేను కోర్టుకి వెళ్లలేదు. నోట్సునీ అదే రోజు ఎక్స్‌రేనీ జత చేసి రెండు పేజీల ఉత్తరం రాశాను. మైక్రోస్కోపు కింద ఆ ముక్క తీయించి మళ్లీ రూట్ కెనాల్ చేయించడానికయ్యే మొత్తం ఖర్చూ, మొదట కట్టిన డబ్బూ అడిగాను. అయిదు వారాలకి ఒప్పుకున్నారు, కాగితం పంపారు.

అందులో ఒక వాక్యం ఉంది: "ఇప్పటివరకు ఈ క్లినిక్‌లో జరిగిన అన్ని చికిత్సలకు సంబంధించి ఇకపై ఎటువంటి క్లెయిము ఉండదు." ఆ పన్ను పక్కనే 47కి క్యాప్ కూడా వాళ్లే వేశారు. దాని అంచు దగ్గర అన్నం ఇరుక్కుంటోంది, ఇంకా ఎవరికీ చూపించలేదు. సంతకం పెడితే ఆ పన్ను కూడా అందులో కలిసిపోయేది. ఆ వాక్యం కింద గీత గీసి, "46వ పంటికి చేసిన రూట్ కెనాల్‌కు మాత్రమే" అని మార్చమని వెనక్కి పంపాను. రెండు రోజులకి మార్చి పంపారు. అప్పుడు సంతకం పెట్టాను.